కారణం చెప్పని కారు

డిట్రాయిట్ శివారు నోవైలో ఉండే ఒక మావయ్య, మేనకోడలి మధ్య జరిగిన సంవాదం ఇది. ఆమె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు. ఆయన కార్ల వైరింగు, కంట్రోల్ మాడ్యూళ్ళ రూపకల్పనలో దశాబ్దాలు పనిచేసి రిటైరైన ఇంజినీరు. ఆమె వాడుతున్న సెకండ్ హ్యాండ్ కారుకి కంపెనీ అమర్చిన రిమోట్ స్టార్ట్ ఉంది. చలి ముదిరిన దగ్గర్నుంచీ అది పనిచేయడం మానేసింది. కారులో కూర్చుని స్టార్ట్ చేస్తే ఇంజిను చక్కగా అందుకుంటుంది. బయటినుంచి రిమోట్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. షాపుకి తీసుకెళ్తే పెద్దగా పరీక్షలేమీ చేయకుండానే కంట్రోల్ మాడ్యూల్ మార్చాలన్నారు. మారుద్దామని ఆమె, మార్చొద్దని ఆయన.

మేనకోడలు: రాత్రంతా నిలబడి పనిచేసి పొద్దున ఏడింటికి బయటికొస్తాను మావయ్యా. మైనస్ 15 డిగ్రీల చలి. అద్దం మీద మంచు రాయిలా గడ్డకట్టి ఉంటుంది. నేను వెళ్ళేసరికి కారు వెచ్చగా ఉండాలనే కదా ఈ బటన్ పెట్టింది? నొక్కితే పనిచేయట్లేదంటే చెడిపోయిందనే అర్థం. చెడిపోయిన భాగం మారిస్తే సరిపోతుంది. ఇందులో ఇంతగా ఆలోచించడానికి ఏముంది?

మావయ్య: చెడిపోయిందని ఎవరు తేల్చారు? ఇంజిను స్టార్ట్ చేయమని నువ్వడిగావు, కారు చేయలేదు. చేతకాక చేయలేదా, చేయకూడదని ఆగిందా? మాడ్యూల్ మార్చమన్నవాళ్ళు ఈ రెండింటిలో ఏది జరిగిందో చూశారా?

మేనకోడలు: ఏది జరిగినా చలిలో వణికేది నేనే కదా.

మావయ్య: వణుకు ఒకటే, బిల్లు మాత్రం వేరు. చేతకాక ఆగితే భాగం మార్చాలి. చేయకూడదని ఆగితే, ఏ షరతు తీరలేదో వెతకాలి. రిమోట్ స్టార్ట్ అంటే డ్రైవర్ సీట్లో మనిషి లేకుండా ఇంజినుని తిప్పడం. ఆ మనిషి చూసుకోవలసినవన్నీ కారే చూసుకోవాలి. అందుకని ఇంజిను తిప్పేముందు కొన్ని సంగతులు సరిచూసుకుంటుంది. ఒక్కటి తేడా ఉన్నా ఆగిపోతుంది. ఈ పనిలో నేను చూసిన ఫిర్యాదుల్లో చాలావరకు కారు ఆగవలసిన చోట ఆగినవే. అప్పుడు మాడ్యూల్ మారిస్తే కొత్త మాడ్యూల్ కూడా అలాగే ఆగుతుంది.

మేనకోడలు: సరే, మీ పద్ధతిలోనే చూద్దాం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మావయ్య: రిమోట్ మాట కారుకి చేరుతోందా లేదా అన్న దగ్గర. తలుపులకి తాళం వేసే బటన్ పనిచేస్తోందా?

మేనకోడలు: చేస్తోంది. కాకపోతే వేసవిలో ఆసుపత్రి కిటికీ దగ్గర నిలబడి నొక్కినా అందేది. ఇప్పుడు పార్కింగ్‌లోకి దిగి నాలుగడుగులు వేస్తే గానీ అందడం లేదు.

మావయ్య: అయితే రిమోట్‌లో బ్యాటరీ నీరసపడింది. అందులో ఉండేది నాణెమంత సైజు బ్యాటరీ, సాధారణంగా సీఆర్ 2032 రకం, 3 వోల్టులది. చలిలో దాని బలం ఇంకా తగ్గుతుంది. కొన్ని డాలర్లతో పోయే పని, ముందు అది మార్చు. ఇంట్లో రెండో కీ ఉంటే దానితోనూ నొక్కి చూడు. కారు పక్కనే నిలబడి నొక్కితే తాళం పడుతోంది, ఇంజిను మాత్రం స్టార్ట్ కావట్లేదు. కాబట్టి రేడియో మాట కారుకి అందుతోంది. దూరం తగ్గడం ఒక జబ్బు, స్టార్ట్ కాకపోవడం ఇంకో జబ్బు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు.

మేనకోడలు: బటన్లు నొక్కే వరుసలో తేడా ఉందంటారేమో. అది చూసుకున్నాను.

మావయ్య: మంచి పని చేశావు. సెకండ్ హ్యాండ్ కార్లు కొన్నవాళ్ళు ఎక్కువగా అక్కడే పొరబడతారు. చాలా జనరల్ మోటార్స్ కార్లలో తాళం బటన్ ఒకసారి నొక్కి, వెంటనే స్టార్ట్ బటన్ని కనీసం నాలుగు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఫోర్డ్ కార్లలో తాళం నొక్కాక స్టార్ట్ బటన్ రెండుసార్లు గబగబా నొక్కాలి. ఒక కారుకి అలవాటైన చెయ్యి ఇంకో కారులో తప్పు చేస్తుంది. పుస్తకంలో ఉన్నట్టు నొక్కితే నీ కారు ఏం చేస్తోంది?

మేనకోడలు: తాళం పడుతుంది, పార్కింగ్ లైట్లు ఒకసారి వెలిగి ఆరిపోతాయి. అంతే. స్టార్టర్ చప్పుడు కూడా రాదు.

మావయ్య: ఫోన్లో యాప్ నుంచి?

మేనకోడలు: యాప్ చందా అయిపోయింది. ట్రయల్ అయ్యాక నేను కట్టలేదు. నాతో పనిచేసే ఒకావిడకైతే చందా ఉన్నా పనిచేయడం మానేసిందట.

మావయ్య: ఈ రెండు దారుల తేడా తెలుసుకోవాలి. కీ నుంచి వెళ్ళే మాట నేరుగా కారుకే చేరుతుంది. ఇక్కడి కీలు ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి. యాప్ మాట ఫోన్ నుంచి కంపెనీ సర్వర్‌కి, అక్కడినుంచి మొబైల్ నెట్‌వర్క్ మీదుగా కారులో ఉన్న మోడెమ్‌కి పోతుంది. కీతో పనిచేసి యాప్‌తో చేయకపోతే తప్పు నెట్‌వర్క్‌దో, చందాదో, మోడెమ్‌దో. యాప్‌తో పనిచేసి కీతో చేయకపోతే కీ వైపు చూడాలి. రెండింటితోనూ కాకపోతే కారే ఆగుతోంది. షాపుకి వెళ్ళేముందు ఈ ఒక్క పరీక్ష చేసుకుంటే సగం సమస్య విడిపోతుంది. నీతో పనిచేసే ఆవిడ కారు పాతదేమో. 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ తన 3జీ నెట్‌వర్క్ ఆపేసింది. ఆ నెట్‌వర్క్ మీద ఆధారపడ్డ కార్లు చాలా వాటికి యాప్ సౌకర్యాలు పోయాయి. కారులో ఏ భాగమూ పాడవలేదు, అవతల వినేవాళ్ళు లేకుండా పోయారు.

మేనకోడలు: ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. మీరేమో కారు మన మంచికోరి ఆగుతుందంటున్నారు. 2021 డిసెంబరులో ఏం జరిగిందో గుర్తుందా? టొయోటా కొన్ని మోడళ్ళలో, ట్రయల్ గడువు దాటాక చందా కట్టకపోతే చేతిలో ఉన్న కీతో కూడా రిమోట్ స్టార్ట్ పనిచేయదని వార్త వచ్చింది. కీ నాది, కారు నాది, మధ్యలో నెట్‌వర్క్ అవసరమే లేదు. అది ఎవరి రక్షణ కోసం ఆగినట్టు?

మావయ్య: ఎవరి రక్షణా లేదు. అది వ్యాపారం. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఆ ఒక్క ఉదాహరణ పట్టుకుని ప్రతి నిరాకరణనీ మోసం అనడం కూడా సరికాదు.

మేనకోడలు: బయట నిలబడ్డ నాకు రెండూ ఒకేలా కనిపిస్తాయి కదా. రక్షణ కోసం ఆగినా ఒకసారి లైట్లు వెలుగుతాయి, చందా కట్టలేదని ఆగినా అంతే. నా అసలు గొడవ అదే. సరే, మీ షరతులు చెప్పండి. ఏమేం చూస్తుంది కారు?

మావయ్య: కార్లని బట్టి కొంత మారుతుంది గానీ మూలం ఒకటే. తలుపులు, డిక్కీ, బానెట్ అన్నీ మూసి ఉండాలి. గేరు పార్క్‌లో ఉండాలి. బ్రేకు మీద ఒత్తిడి ఉండకూడదు. కీ కారులోపల ఉండకూడదు. హజార్డ్ లైట్లు వెలుగుతూ ఉండకూడదు. అలారం మోగుతూ ఉండకూడదు. ఆయిల్ ఒత్తిడి పడిపోకూడదు, ఇంజిను అతిగా వేడెక్కి ఉండకూడదు. పెట్రోలు మరీ అడుగంటితే కొన్ని కార్లు ఒప్పుకోవు. మెనూలో రిమోట్ స్టార్ట్ ఆన్‌లో ఉండాలి, పాత యజమాని ఆపేసి ఉండవచ్చు. ఇంకొకటి చాలామందికి తెలియదు: ఎన్నో కార్లలో వరుసగా రెండుసార్లే రిమోట్‌తో స్టార్ట్ చేయనిస్తారు. మూడోసారి కావాలంటే ఒకసారి లోపల కూర్చుని ఇగ్నిషన్ ఆన్ చేయాలి.

మేనకోడలు: చెక్ ఇంజిన్ లైటు?

మావయ్య: అది అన్నిటికంటే ముఖ్యం. ఆ లైటు వెలుగుతుంటే చాలా కార్లు రిమోట్ స్టార్ట్‌ని ఒప్పుకోవు.

మేనకోడలు: నాకు డిసెంబరులో అది వెలిగింది. కోడ్ చదివిస్తే పీ0455 అన్నారు. పెట్రోలు మూత సరిగా బిగించలేదట. బిగించాను, కొన్నాళ్ళు తిరిగాక లైటు ఆరిపోయింది. మూత వదులైతే ఇంజినుకొచ్చిన ప్రమాదమేమిటి మావయ్యా? అదే కారు, అదే మూత, నేను లోపల కూర్చుని స్టార్ట్ చేస్తే నిరభ్యంతరంగా నడుస్తుంది. బయటినుంచి అడిగితే నడవదు.

మావయ్య: మూత వదులైతే ట్యాంకులో ఆవిరి బయటికి పోతుంది. ఆ ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటులో పెద్ద లీకు ఉందని పీ0455 చెబుతుంది. ఇంజినుకి దానివల్ల వెంటనే వచ్చే ప్రమాదమేమీ లేదు. కానీ అదే లైటు ఇంజిను దడదడలాడుతున్నప్పుడు, కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి అక్కడి క్యాటలిటిక్ కన్వర్టర్ విపరీతంగా వేడెక్కుతున్నప్పుడు కూడా వెలుగుతుంది. ఏ కారణంతో వెలిగిందో విడదీయకుండా, లైటు ఉంటే మనిషి లేకుండా తిప్పొద్దని ఒకే గీత గీశారు. నువ్వు సీట్లో ఉంటే వాసన తెలుస్తుంది, కుదుపు తెలుస్తుంది, వెంటనే ఆపేస్తావు. పార్కింగ్‌లో ఒంటరిగా ఉన్న కారుకి ఆ ముక్కూ చెవీ లేవు.

మేనకోడలు: ఒకే గీత గీయడం సులువు. అలా గీసినవాళ్ళు, గీత దగ్గర ఆగినప్పుడు నాకు చెప్పాలి. మా వార్డులో మందు ఎక్కించే పంపు ఉంటుంది. అది కూడా ఆగుతుంది. ఆగినప్పుడు గట్టిగా కూస్తుంది, తెరమీద రాస్తుంది: గొట్టంలో గాలి ఉందనో, దారి మూసుకుపోయిందనో, బ్యాటరీ తగ్గిందనో. నేను అరనిమిషంలో సరిచేసి మళ్ళీ నడిపిస్తాను. ఆ పంపు కారణం చెప్పకుండా ఆగితే మేము దాన్ని రోగి పక్కన పెట్టం. మీరు చెప్పిన జాబితాలో డజనుకి పైగా షరతులున్నాయి. వాటన్నిటికీ నాకు దక్కే జవాబు ఒకసారి వెలిగి ఆరిపోయే లైటు. దాన్ని నేనెలా చదవాలి?

మావయ్య: నీ చేతిలోని రిమోట్‌కి చెప్పడమే గానీ వినడం రాదు. ఎక్కువ రిమోట్లు అలాంటివే. కారు జవాబు చెప్పాలన్నా అది వినలేదు.

మేనకోడలు: రిమోట్ వినకపోవచ్చు. నేను కారు తలుపు తీసి లోపల కూర్చుంటాను కదా. ముందు ఇంత పెద్ద తెర ఉంది. టైర్లలో గాలి తగ్గితే ఏ టైరో చెబుతుంది, పాట ఎవరు పాడారో కూడా చెబుతుంది. "బానెట్ మూసిలేదని రిమోట్ స్టార్ట్ ఆపాను" అని ఒక్క వాక్యం రాయలేదా?

మావయ్య: రాయగలదు. ఏ షరతు దగ్గర ఆగిందో లోపలి కంప్యూటరుకి తెలుసు, తెలియకపోతే ఆగలేదు. కొన్ని కంపెనీల యాప్‌లు కారణం చెబుతున్నాయి. బయట అమర్చే రిమోట్ స్టార్ట్ కిట్లు కూడా చెబుతాయి. స్టార్ట్ కానప్పుడు పార్కింగ్ లైట్లు ఎన్నిసార్లు వెలిగితే ఏ కారణమో వాటి పుస్తకంలో పట్టిక ఉంటుంది. కంపెనీ అమర్చినవాటిలోనే ఆ శ్రద్ధ తక్కువ. పెట్టిన షరతులు సరైనవే, కారణం దాచడం సరైనది కాదు. ఈ మాటలో నీ పక్షమే.

మేనకోడలు: అయితే మాడ్యూల్ మార్చమన్నవాళ్ళ తప్పేముంది? కారు చెప్పదు, వాళ్ళూ ఊహించారు.

మావయ్య: వాళ్ళు ఊహించనక్కరలేదు. నీకు తెర మీద కనిపించనిది వాళ్ళ స్కానర్ మీద కనిపిస్తుంది. అమెరికాలో 1996 మోడళ్ళ నుంచీ ప్రతి కారులో స్టీరింగ్ కింద ఓబీడీ 2 పోర్టు ఉంది. చవక స్కానర్లు ఇంజిను కోడ్‌లు చదువుతాయి. కాస్త మంచిదైతే తలుపులు, తాళాలు, లైట్లు చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లోకి వెళ్ళి ఇప్పుడు ఏ స్విచ్చి ఏ స్థితిలో ఉందో చూపిస్తుంది. ఆ పేజీ తెరిచి చూడడానికి ఐదు నిమిషాలు చాలు. సరే, అసలు ప్రశ్న అడగడం ఆలస్యమైంది. చలి వచ్చాక ఆగిందన్నావు. చలితో పాటు ఇంకేం మారింది?

మేనకోడలు: ఏమీ లేదు. నవంబరులో జింక అడ్డం వచ్చి ముందు భాగం దెబ్బతింది. బంపరు, బానెట్ రిపేరు చేయించాం. అది అయిపోయిన సంగతి.

మావయ్య: అదే అసలు సంగతి. బానెట్ గొళ్ళెం దగ్గర ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. బానెట్ మూసి ఉందా లేదా అని కారుకి చెప్పేది అదొక్కటే. బానెట్ తీసి మళ్ళీ బిగించినప్పుడు గొళ్ళెం ఒక్క వెంట్రుకవాసి పక్కకి జరిగినా కంటికి మూసినట్టే ఉంటుంది, స్విచ్చికి తెరిచినట్టు ఉంటుంది. దానికి తోడు మన ఊరి ఉప్పు. డిట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకి పైగా లోతున ఉప్పుగని ఉంది తెలుసుగా. చలికాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ నీళ్ళు గ్రిల్లు లోంచి చిమ్మి నేరుగా గొళ్ళెం మీద పడతాయి. కనెక్టరులో రాగి పచ్చబడుతుంది, స్విచ్చి బిగుసుకుపోతుంది. ఈ ప్రాంతంలో రిమోట్ స్టార్ట్ ఆగిందంటే నేను ముందుగా అనుమానించేది దాన్నే.

మేనకోడలు: బ్యాటరీని అనుమానించరా? చలికి ముందు పోయేది అదేనంటారు అందరూ.

మావయ్య: అనుమానిస్తాను, కొలుస్తాను కూడా. మైనస్ 18 సెల్సియస్ దగ్గర కారు బ్యాటరీ బలం సగానికి పైగా తగ్గిపోతుంది. అదే సమయంలో ఇంజిను ఆయిలు చిక్కబడి తిప్పడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి. బ్యాటరీ మీద సీసీఏ అని ఒక అంకె ఉంటుంది చూడు. మైనస్ 18 దగ్గర 30 సెకన్ల పాటు 7.2 వోల్టులకి దిగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో మల్టీమీటరు 12.6 చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 చూపిస్తే సగమే. స్టార్ట్ అవుతున్న క్షణంలో 9.6 కిందికి పడితే బ్యాటరీనో, కేబుళ్ళ బిగింపునో చూడాలి. ఇంజిను నడుస్తుండగా సాధారణంగా 13.5 నుంచి 14.7 దాకా ఉండాలి, లేకపోతే ఆల్టర్నేటరు చూడాలి. కానీ నీ కారు లోపల కూర్చుని స్టార్ట్ చేస్తే మొదటిసారికే అందుకుంటోంది. రిమోట్ నొక్కినప్పుడు స్టార్టరు తిరగడానికి ప్రయత్నం కూడా చేయడం లేదు. నీరసపడ్డ బ్యాటరీ అయితే ఈడుస్తూ తిరుగుతుంది, లేదా టకటకలాడుతుంది.

మేనకోడలు: స్టార్టయి రెండు క్షణాల్లో ఆగిపోతే?

మావయ్య: అది ఇంకో కథ. బయట అమర్చిన కిట్ అయితే ఇంజిను తిరుగుతున్న వేగం దానికి తెలియకపోయి ఉండాలి, లేదా కీలో ఉండే ఇమ్మొబిలైజర్ చిప్ స్థానంలో పెట్టిన బైపాస్ మాడ్యూల్‌ని కారు గుర్తుపట్టకపోయి ఉండాలి. స్టార్టరే కదలకపోతే అంతకంటే ముందే ఎక్కడో ఆగింది. నీది ఈ రెండో రకం.

మేనకోడలు: అయితే నాకొక తేలిక మార్గం తెలుసు. ఆ స్విచ్చి రెండు తీగలు కోసి కలిపేస్తే, బానెట్ ఎప్పుడూ మూసే ఉందని కారు అనుకుంటుందట. చాలామంది అలాగే చేస్తున్నారు. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

మావయ్య: ఆ మాట మాత్రం వద్దు. స్విచ్చి తప్పు తేల్చడానికి, పక్కన ఎవరూ లేకుండా చూసి, ఒక్క నిమిషం కలిపి పరీక్షించడం వేరు. అలాగే వదిలేయడం వేరు.

మేనకోడలు: కారు నాది. ప్రమాదం తెలిసే చేస్తాను. ఇందులో మీ అభ్యంతరం ఏమిటి?

మావయ్య: ప్రమాదం నీకు తెలుసు, బానెట్ కింద చెయ్యి పెట్టేవాడికి తెలియదు. ఆయిలు మార్చే కుర్రాడు బానెట్ ఎత్తి బెల్టు పక్కన చెయ్యి పెట్టి ఉంటాడు. నువ్వు వెయిటింగ్ హాల్లో కూర్చుని అలవాటుగా బటన్ నొక్కుతావు. ఇంట్లో పిల్లవాడు కీ తీసుకుని ఆడుకున్నా అంతే. బెల్టు తిరగడం మొదలెట్టాక చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. బానెట్ తెరిస్తే ఇంజిను బయటినుంచి స్టార్ట్ కాదని నమ్మి వాడు చెయ్యి పెట్టాడు. ఆ నమ్మకం ఇచ్చేది ఆ చిన్న స్విచ్చే. రేపు నువ్వు కారు అమ్మేస్తావు. కొన్నవాళ్ళకి ఆ రెండు తీగల సంగతి ఎవరు చెబుతారు?

మేనకోడలు: ... సరే. దానికి నా దగ్గర జవాబు లేదు. తీగలు కలపను. కానీ మీరు కార్ల జాగ్రత్తని ఇంత నెత్తికెత్తుకుంటున్నారు, ఒకటి అడుగుతాను. మా ఎమర్జెన్సీకి చలికాలంలో కార్బన్ మోనాక్సైడ్ కేసులు వస్తాయి. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా బలంగా రక్తంలో హీమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. తలనొప్పి అని పడుకున్నవాళ్ళు లేవరు. మూసిన గరాజ్‌లో ఉన్న కారుని పొరపాటున రిమోట్‌తో స్టార్ట్ చేస్తే మీ కారు ఏ షరతు దగ్గర ఆగుతుంది? బానెట్ చూస్తుంది, పెట్రోలు మూత చూస్తుంది, గరాజ్ తలుపు మూసి ఉందో లేదో చూస్తుందా?

మావయ్య: చూడదు. ఆ సంగతి తెలిసే మార్గం కారుకి లేదు. అందుకే పది, పదిహేను నిమిషాలకి దానంతటదే ఆగిపోయేలా పెట్టారు. వరుసగా రెండుసార్లకి మించి ఒప్పుకోకపోవడం వెనక కూడా ఈ భయం ఉంది.

మేనకోడలు: ఇంటికి ఆనుకున్న మూసిన గరాజ్‌లో పదిహేను నిమిషాలు తక్కువేమీ కాదు మావయ్యా. ఆ గాలి ఇంట్లోకి పాకుతుంది.

మావయ్య: నిజం. కాలపరిమితి ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసేయదు. కీ లేకుండా బటన్‌తో స్టార్టయ్యే కార్లు ఆపడం మరిచిపోయి గరాజ్‌లో నడుస్తూ ఉండిపోవడం వల్ల ఇక్కడ మనుషులు పోయారు. 2021లో వచ్చిన మౌలిక వసతుల చట్టంలో, అలాంటి కార్లు కొంతసేపటికి వాటంతటవే ఆగేలా నిబంధన తేవాలని రాశారు. అది కూడా కాలపరిమితే. కాబట్టి గరాజ్‌లో ఉన్న కారుని రిమోట్‌తో స్టార్ట్ చేయనే కూడదు, తలుపు తెరిచి ఉన్నా సరే. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. ఈ ఒక్క విషయం కారుకి వదిలేయకూడదు.

మేనకోడలు: అలాంటప్పుడు ఈ సౌకర్యమే అనవసరం అనిపించదా? ఇప్పటి ఇంజిన్లు ఎక్కువసేపు వేడెక్కించక్కర్లేదని మీరే అంటుంటారు.

మావయ్య: ఇంజినుకి అక్కర్లేదు. కొద్ది క్షణాలు ఆగి, మొదటి మైళ్ళు మెల్లగా నడిపితే చాలు. పది నిమిషాలు నిలబెట్టి తిప్పడం పెట్రోలు వృథా. ఈ సౌకర్యం ఇంజిను కోసం కాదు, అద్దం కోసం, నీ వేళ్ళ కోసం. పన్నెండు గంటలు డ్యూటీ చేసిన మనిషి మంచు పట్టిన అద్దంలో చిన్న కన్నం గీకి, దానిలోంచి చూస్తూ హైవే ఎక్కడం అన్నిటికంటే ప్రమాదం. కీ కారులో పెట్టి వదిలేయడం కంటే కూడా రిమోట్ స్టార్ట్ మేలు. 2017లో డిట్రాయిట్ శివారు రోజ్‌విల్‌లో ఒకాయన ఇంటి ముందు కారు వేడెక్కడానికి వదిలి లోపలికెళ్తే పోలీసులు టికెట్ రాశారు. ఆ గొడవ తర్వాత అదే ఏడాది రాష్ట్రం చట్టం సవరించి, ప్రైవేటు స్థలంలో అలా వదలడం తప్పు కాదంది. చట్టం ఒప్పుకున్నా దొంగ ఊరుకోడు. రిమోట్‌తో నడుస్తున్న కారైతే, అద్దం పగలగొట్టి ఎక్కినా కీ లేకుండా బ్రేకు తొక్కగానే ఇంజిను ఆగిపోతుంది.

మేనకోడలు: మన ఊళ్ళల్లో కూడా ఇది వచ్చేసింది కదా. అనంతపురం వైపు పెనుకొండలో తయారయ్యే సెల్టోస్‌ని ఆఫీసు మెట్లు దిగుతూ ఫోన్‌తో స్టార్ట్ చేస్తాడు మా తమ్ముడు. అక్కడ చలి లేదు, ఏసీ కోసం.

మావయ్య: మే నెల ఎండలో అదీ అవసరమే. వాడికీ ఇదే చెప్పు. ఎండైనా మంచైనా షరతులు అవే. అపార్ట్‌మెంట్ సెల్లారులో గాలి ఆడని మూల పార్క్ చేస్తే గరాజ్ గురించి చెప్పిన మాటే దానికీ.

మేనకోడలు: సరే, ఇప్పుడు నా సంగతి తేలుద్దాం. వరుసగా ఏం చేయమంటారు?

మావయ్య: రిమోట్ బ్యాటరీ మార్చు, రెండో కీతో చూడు. మెనూలో రిమోట్ స్టార్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడు. చెక్ ఇంజిన్ లైటు, హజార్డ్ లైట్లు వెలగట్లేదని నిర్ధారించుకో. బానెట్ ఎత్తి గొళ్ళెం శుభ్రం చేసి, మళ్ళీ గట్టిగా మూసి నొక్కు. స్టార్టయితే బిగింపు సరిచేయిస్తే సరి. కాకపోతే షాపుకి వెళ్ళి బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లో బానెట్ స్థితి చూపించమను. మూసి ఉన్నా తెరిచినట్టు చూపిస్తే కనెక్టరు ఊడదీసి, స్విచ్చిని చేత్తో కదిపి మల్టీమీటరుతో చూడమను. మీటరు మారకపోతే స్విచ్చి పోయింది. మారుతుంటే స్విచ్చికీ మాడ్యూల్‌కీ మధ్య తీగ చూడాలి. తీగ కూడా బాగుందని తేలాకే మాడ్యూల్ వంతు. వాళ్ళు ఆ చివరి మెట్టు దగ్గర మొదలుపెట్టారు.

మేనకోడలు: అలాగే అడుగుతాను. స్కానర్ తెర నా కళ్ళముందు పెట్టి, బానెట్ తెరిచినప్పుడు ఒకసారి, మూసినప్పుడు ఒకసారి చూపించాకే డబ్బు కడతాను. ఇంకో పని కూడా చేస్తాను. కారు కంపెనీకి రాస్తాను. వాళ్ళు పెట్టిన షరతులతో నాకు గొడవ లేదు, ఏ షరతు దగ్గర ఆగిందో తెరమీద రాయమని అడుగుతాను. మీ షరతుల జాబితాలో అది కూడా చేరాలి.

మావయ్య: రాయి. సాఫ్ట్‌వేరులో అది పెద్ద పని కాదని నేనూ సంతకం పెడతాను. అయితే ఒక్క ఉత్తరంతో కంపెనీలు కదలవు. కార్లు కొనేవాళ్ళు షోరూములో గుర్రపు బలం అడుగుతారు, మైలేజీ అడుగుతారు, తెర సైజు అడుగుతారు. ఇది నడవనన్నప్పుడు ఎందుకో నాకెక్కడ చెబుతుంది అని అడిగేవాళ్ళని నేను చూడలేదు.

మేనకోడలు: ఈసారి కారు కొన్నప్పుడు నేను మొదట అడిగేది అదే. బానెట్ ఎత్తి ఉంచి రిమోట్ నొక్కమంటాను. కారు ఆగాలి. ఎందుకు ఆగిందో కూడా చెప్పాలి. ఆ రెండూ చేసిన కారే కొంటాను.